నాలుగింటి చప్పుడు

మధ్యాహ్నం నాలుగు గంటలంటే నాకిప్పటికీ భయమే. కాకపోతే ఇదివరకు ఆ వేళకి చెవుల్లో దూది కుక్కుకుని వంటింట్లో నక్కేదాన్ని, ఇప్పుడు టీ పెట్టుకుని తాగుతున్నాను. రెండేళ్లలో నేను సాధించింది ఇంతే. ప్రోగ్రెస్ కార్డు మీద రాయాల్సి వస్తే "బాగుపడుతోంది, ఇంకా శ్రద్ధ అవసరం" అని రాసి సంతకం పెడతాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకి సోషల్ చెబుతున్నదాన్ని, నాకా భాష తప్ప వేరేది రాదు.

ఇది రాయమన్నది మా చర్చి సంఘంలోని మార్తమ్మగారు. చెప్పుకోవడానికి ఎవరూ లేనివాళ్లు చదువుకుంటారు కదా అంది. ఆవిడ సంగతి చివర్లో వస్తుంది. ముందుగా ఒక మాట. మా అమ్మ పోయిన రోజు ఏం జరిగిందని నేను అందరికీ చెప్పింది ఒకటి, జరిగింది ఇంకొకటి. నా జబ్బంతా ఆ తేడాలోనే ఉంది. అందరికీ చెప్పిందే మొదట రాస్తాను. చాలాకాలం నేను కూడా దాన్నే పట్టుకుని బతికాను.

సెప్టెంబరు

మా అమ్మ దీవెనమ్మది గుడివాడ. అక్కడి చర్చిలో ముప్పై ఏళ్లు పాట ఎత్తుకునేది ఆవిడే. మైకు అక్కర్లేని గొంతు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలుతో పాటు మాట కూడా పడిపోయింది. నాన్న లేరు, నాకు తోబుట్టువులు లేరు, మాకు పిల్లలు లేరు. అమ్మను మారేడ్‌పల్లిలోని మా అద్దింటికి తెచ్చుకున్నాం. మా ఆయన ప్రకాశం రైల్వే ఆఫీసులో క్లర్కు. అత్తగారిని లేపి కూర్చోబెట్టడం నాకంటే ఆయనకే బాగా చేతనయ్యేది.

మాట పోయిన అమ్మకి మేమొక స్టీలు గ్లాసు ఇచ్చాం. ఎడమ చేత్తో దాన్ని ఇనప మంచం పట్టెకి మూడుసార్లు కొడితే మమ్మల్ని పిలుస్తోందని గుర్తు. టంగ్, టంగ్, టంగ్. దాహమేసినా, పక్క తడిసినా, ఊరికే పక్కన మనిషి కావాలనిపించినా అదే పిలుపు. కోపమొస్తే గ్లాసు విసిరికొట్టేది కూడా. ఏడాదిన్నర పాటు మా అమ్మ గొంతు అదే. పాటలు పాడిన మనిషి కదా, ఆ మూడు దెబ్బల్లోనూ తాళం తప్పేది కాదు.

క్వార్టర్లీ పరీక్షలప్పుడు ఒంటిపూట బడి. పేపర్ల కట్ట పట్టుకుని మధ్యాహ్నానికే ఇంటికొచ్చేదాన్ని. అలాంటి ఒక రోజు నాలుగింటికి అమ్మ పోయింది. "నా చేతిలో చెయ్యి పెట్టి, నేను ప్రార్థన చేస్తుండగా నెమ్మదిగా ప్రభువులో నిద్రించింది" అని చెప్పాను. ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చిన మా ఆయనకి మొదట చెప్పాను. తర్వాత ఫోన్లో గుడివాడ వాళ్లకి చెప్పాను. సమాధి దగ్గర అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆ మాటే అందరికీ చెప్పి అలాంటి మరణం ధన్యమన్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. దుఃఖమనుకున్నారు అందరూ. దుఃఖం కూడా ఉంది, నిజమే.

అక్టోబరు

పోయినవాళ్ల ఇంట్లో పెట్టే ప్రార్థన, మేం ఆదరణ కూటమి అంటాం, అది అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయిన మర్నాడు మొదలైంది. దసరా సెలవులు. వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. పక్కగదిలోంచి టంగ్, టంగ్, టంగ్. "వస్తున్నానమ్మా" అంటూ చెయ్యి తుడుచుకుని గదిలోకి వెళ్లిపోయాను. పరుపు చుట్టేసిన మంచం ఉంది. గడియారంలో నాలుగైంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆదివారం మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వినమన్నాను. ఆయనకి వినిపించలేదు.

"పైవాళ్లు బోరింగు కొడుతున్నారేమోనే," అన్నారు.

"బోరింగు చప్పుడికీ మా అమ్మ చప్పుడికీ నాకు తేడా తెలీదంటారా?"

పాపం, ఆ మర్నాడే మంచాన్ని రిక్షా మీద ఎక్కించి పాత ఇనుము కొట్టుకి పంపేశారు. అమ్మ గ్లాసు ఆవిడ పోయిన రోజు నుంచీ ఇంట్లో కనిపించలేదు. మిగిలిన స్టీలు గ్లాసులన్నీ నేనే సంచిలో కట్టి పనమ్మాయికి ఇచ్చేశాను. మంచం లేదు, గ్లాసు లేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. గచ్చు మీద మంచం కోళ్ల గుర్తులు నాలుగుండేవి, సరిగ్గా వాటి మధ్యలోంచి వచ్చేది. ఆ చప్పుడు కంటే, మూడో దెబ్బ తర్వాత గదిలో ఉండే నిశ్శబ్దానికి నేనెక్కువ వణికేదాన్ని. ఎవరో నా జవాబు కోసం కాచుకుని ఉన్నట్టుండేది.

తిండి తగ్గింది. జాకెట్లు భుజాల మీంచి జారిపోయేవి. నిద్ర పట్టేది కాదు, పట్టినా అమ్మ పిలిచిందని లేచి కూర్చునేదాన్ని.

నవంబరు

మా ఆయన అయ్యగారికి చెప్పారు. అయ్యగారు మంచివారు. ఇది రాస్తున్నప్పుడు నాకాయన మీద కోపం లేదు. "ఇది శోధనమ్మా, సైతాను పెట్టే పరీక్ష, ప్రార్థనతోనే పోతుంది," అని మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు. సంఘంలోంచి పదిమంది వచ్చి మా ఇంట్లో చాపలేసుకుని కూర్చుని, పస్తులుండి, నా తల మీద చేతులుంచి ప్రార్థించారు. నాలుగింటికి పాటలు పాడేవారు. ఇంటి నిండా మనుషులు. చప్పుడు రాలేదు. వాళ్లు వెళ్లాక ఇంకో నాలుగు రోజులు కూడా రాలేదు.

మా సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. మేలు పొందినవాళ్లు ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, దేవుడు తమకేం చేశాడో అందరి ముందూ చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాం. జ్వరం తగ్గినా, ఉద్యోగం వచ్చినా, బిడ్డ పుట్టినా సాక్ష్యం చెప్పి తీరాలి. చెప్పకపోతే మేలు మరిచిన మనిషి కింద లెక్క. శనివారం అయ్యగారు ఇంటికొచ్చి, "రేపు చెప్పాలమ్మా సుగుణా, చాలామంది బలపడతారు," అన్నారు. నా కోసం పస్తులున్న పదిమందీ ముందు వరసలోనే కూర్చుంటారు. ఏ మొహం పెట్టుకుని కాదంటాను?

కొంగు తల మీద కప్పుకుని మైకు ముందు నిలబడ్డాను. ప్రభువు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడని చెప్పాను. అక్కడితో ఆపి ఉండాల్సింది. ఆపలేదు. మా అమ్మ నా చేతిలో చెయ్యి పెట్టి, నేను ప్రార్థిస్తుండగా వెళ్లిపోయిందని మళ్లీ చెప్పాను. ఈసారి చర్చిలో నిలబడి, పక్కన బైబిలు తెరిచి ఉండగా చెప్పాను. గుడి నిండా "స్తోత్రం, స్తోత్రం" అన్నారు.

ఆ రోజే భోజనాలయ్యాక మా ఆయన కునుకు తీస్తుండగా, నాలుగింటికి, టంగ్, టంగ్, టంగ్.

నేను చేసిన తెలివితక్కువ పని చూడండి. సాక్ష్యం చెప్పిన మనిషికి ఇక జబ్బు పడే హక్కు ఉండదు. మళ్లీ వచ్చిందంటే వాళ్ల ప్రార్థన పని చెయ్యలేదనైనా అనుకోవాలి, నాలో ఏదో పాపం దాగి ఉందనైనా అనుకోవాలి. రెండోది నిజం కూడాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ప్రతి ఆదివారం "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ "దేవుడి దయవల్ల బాగున్నాను" అన్నాను. మా ఆయనతో కూడా అదే అన్నాను.

జనవరి

నాలుగింటికి బడిలో ఉంటే చప్పుడు రాదని నాకొక ధైర్యం ఉండేది. అది కూడా పోయింది. ఎనిమిదో తరగతి, ఆఖరి పీరియడు, మొగలుల పాలన చెబుతున్నాను. చప్పుడు క్లాసు గోడ అవతలి నుంచి వచ్చింది. "వస్తున్నానమ్మా, ఒక్క పేపరే!" అని గట్టిగా అరిచాను. యాభై మంది పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా ఆటోలో నన్ను ఇంటిదాకా దింపి, "సెలవు పెట్టండి టీచర్. కారణం నేనెవరికీ చెప్పను," అని వెళ్లింది. అప్పటిదాకా నేను ఆవిడ గురించి స్టాఫ్ రూములో మాట్లాడిన మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

మా ఆయన మానసిక జబ్బులు చూసే ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. వెయిటింగ్ హాల్లో కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. ఎవరూ ఎవరి మొహమూ చూడరక్కడ. నా పక్కన కూర్చున్నామె ఒక్కతే చూసింది. పేరు యాదమ్మ, బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయలు అమ్ముతుందట. పక్కన ఆమె భర్త. ఆయన ఆరు నెలలుగా నోరు విప్పడం లేదు. జబ్బకి ఎర్రతాడు కట్టి ఉంది.

"నీకేమైందమ్మా?" అని అడిగింది.

"తలనొప్పి," అన్నాను.

"మేం సుత మొదాల గట్లనే చెప్పినం తియ్యి," అని సంచిలోంచి రెండు జామకాయలు తీసి నా ఒళ్లో పెట్టింది.

వాళ్లు లోపలికి వెళ్లి అయిదు నిమిషాల్లో బయటికొచ్చారు. ఆయన జబ్బకి తాడు లేదు. యాదమ్మ కళ్లు తుడుచుకుంటోంది. "కత్తెరతోని కోసేసిండమ్మా. గిట్లాంటియి కట్టుకుంటే మందు పనిచెయ్యదంట. మా అత్త కట్టింది గది, సచ్చిపోయే ముందల కొడుక్కి కట్టింది." పోతూ పోతూ మా ఆయనతో అంది, "బొల్లారం దిక్కు ఒక మేడమ్ ఉన్నదంట సార్. తిట్టదంట, మాట్లాడిస్తదంట. మేం ఆమె తాన్కే పోతం."

మా వంతు వచ్చింది. డాక్టరు మా ఆయన చెప్పింది సగం విన్నాడు. "మీరు టీచరు, చదువుకున్నవాళ్లు. దయ్యాలూ ప్రార్థనలూ అని మీరే తిరిగితే ఎలా? కొన్నాళ్లు చర్చికి వెళ్లడం మానెయ్యండి," అన్నాడు. దయ్యం మాట నేను అనలేదు. అసలు నన్నెవరూ ఏమీ అడగలేదు. మాత్రలు రాసిచ్చాడు. ఆ మాత్రల్ని నేను తీసిపారెయ్యను, వాటివల్లే కళ్లు మూతపడ్డాయి. ఈ రోజుకీ ఒకటి వేసుకుంటున్నాను. కానీ ఒక పక్క నీకు నయమైపోయిందన్న సంఘం, ఇంకో పక్క నీ సంఘమే నీ జబ్బన్న డాక్టరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నాలుగింటికి అమ్మ.

ఆ రోజుల్లోనే కొన్ని మాత్రలు మింగకుండా బీరువాలో అమ్మ బైబిలు వెనక దాచడం మొదలుపెట్టాను. ఎందుకని నన్ను నేను అడుక్కోలేదు. ఆ పిలుపుకి జవాబు చెప్పాలంటే నేనే అక్కడికి వెళ్లాలేమో అనిపించేది. చదువుతున్న మీలో ఎవరికైనా అలా అనిపిస్తుంటే ఈ పూటే, ఇప్పుడే, పక్కనున్న మనిషికి చెప్పండి. నేను చెప్పలేదు. మా ఆయన బైబిలు తియ్యబోతే దొరికిపోయాను. ఆయన కేకలెయ్యలేదు. మాత్రలు గుప్పిట్లో పట్టుకుని నా పక్కన గచ్చు మీద కూర్చున్నారు.

"నన్నొక్కణ్ణి చేసి పోదామనా, సుగుణా?" అన్నారు.

ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. మర్నాడు పొద్దున్నే బోయిన్‌పల్లి మార్కెట్లో యాదమ్మను వెతికి పట్టుకుని బొల్లారం మేడమ్ చిరునామా రాయించుకొచ్చారు.

ఫిబ్రవరి

మేడమ్ పేరు షమీమ్, కౌన్సెలరు. జనగామ వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. పాత బంగళా ముందు భాగంలో ఒక గది, గది ముందు వరండా. "సాయిబుల ఆవిడకి మన సంఘం గొడవలేం అర్థమవుతాయే?" అన్నారు మా ఆయన స్కూటరు మీద. నాకూ అదే సందేహం. మా చర్చిలో ఎవరికీ ఆవిడ తెలియకపోవడం ఒక్కటే నాకు నచ్చింది. వరండాలో బెంచీ, దాని పక్కన మంచినీళ్ల కుండ, కుండ మీద స్టీలు పళ్లెం, పళ్లెం మీద బోర్లించిన స్టీలు గ్లాసు. ఆ గ్లాసుకి వీపు పెట్టి కూర్చున్నాను.

"రాండ్రి టీచరమ్మా, కూసోండ్రి," అంది లోపలికెళ్లగానే. "తలుపు పెట్టాల్నా, తీసుంచాల్నా? సార్ లోపలుండాల్నా, బయటుండాల్నా? మీ ఇష్టం."

తలుపు తీసే ఉంచమన్నాను. ఆయన్ని బయట కూర్చోమన్నాను.

"మీ ఇంట్ల ఈ తక్లీఫ్‌ను ఏమంటరు?"

"మా ఆయన అలజడి అంటారు. అయ్యగారు శోధన అన్నారు. డాక్టరుగారు చీటీ మీద ఏదో ఇంగ్లీషులో రాశారు."

"మరి మీరేమంటరు?"

ఇన్ని నెలల్లో ఆ మాట నన్ను అడిగినవాళ్లు లేరు. "చప్పుడు," అన్నాను.

"గట్లైతే మనం సుత చప్పుడే అందాం," అని ఫైలు మీద తెలుగులో "చప్పుడు" అని రాసుకుంది. తర్వాత కలం పక్కన పెట్టి, "ఒక్క మాట టీచరమ్మా. మీ చర్చి సంగతులు నాకు తెలవయి. తెలవనియి అడుగుత. తప్పడిగితే కోప్పడుండ్రి, దిద్దుకుంట. నేను నమాజు చేసుకునేదాన్ని, మీరు ప్రార్థన చేసుకునేటోళ్లు. గీ అర్రలకు వచ్చేటప్పుడు మీ దేవున్ని బయట ఇడిసి రావల్సిన పనిలేదు. మాత్రలు మాత్రం ఆపొద్దు. వినే డాక్టరు ఒకాయన ఉన్నడు, ఆయనకు చూపియ్యుండ్రి."

నేను సగం నమ్మాను. మిగతా సగం రెండో వారం పరీక్షకి నిలబడింది. అమ్మతో మాట్లాడుతున్నట్టుగా ఒక ఉత్తరం రాసుకు రమ్మంది.

"మా విశ్వాసంలో చనిపోయినవాళ్లతో మాట్లాడకూడదు మేడమ్," అన్నాను. ఊరికే కాగితం మీద రాయడమే కదా అంటుందని చూశాను. అంటే మళ్లీ రాకూడదని కూడా అనుకున్నాను.

"నాకు తెల్వక అడిగిన. మాఫ్ చెయ్యుండ్రి," అంది. "మరి ఎవరితోని మాట్లాడొచ్చు?"

"దేవుడితో."

"సరే. యాదికి పెట్టుకుంట."

మార్చి

నాలుగో వారమో అయిదో వారమో, "సాక్ష్యం అంటరు గదా, గదేందో నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి," అంది. పాఠం చెప్పమంటే నాకు హుషారు. ఎవరు చెప్తారు, ఎప్పుడు చెప్తారు, ఎలా నిలబడతారు, అన్నీ చెప్పాను. నా సాక్ష్యం కూడా చెప్పాను. ఆవిడ బుద్ధిగా తలూపుతూ విని, చివర్లో అడిగింది.

"ఒకవేళ చెప్పిందాంట్ల ఒక మాట నిజం కాకుంటే, దాన్ని వాపస్ తీసుకునే తరీఖా, పద్ధతి, ఏమన్న ఉన్నదా మీకాడ?"

నన్ను అనుమానించి అడిగింది కాదు. తెలియక అడిగింది. క్లాసులో ఆఖరి బెంచీ పిల్ల ఉన్నట్టుండి లేచి అడిగినట్టు.

"దేవుడితో చెప్పాలి," అన్నాను చివరికి.

"ఇక్కడ చెప్తరా? నేను బయటికి పోవాల్నా?"

"ఉండండి."

అలవాటు కొద్దీ కొంగు తల మీదికి లాక్కుని కళ్లు మూసుకున్నాను. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచాను. ఎదురుగా షమీమ్ మేడమ్ కూడా చీరకొంగు తల మీద కప్పుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని తల వంచుకుని ఉంది. మళ్లీ కళ్లు మూసుకుని మిగతాది చెప్పాను.

అమ్మ పోయిన ఆ మధ్యాహ్నం ఏడో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. అమ్మ మూడుసార్లు కొట్టింది. "వస్తున్నానమ్మా, ఒక్క పేపరే," అన్నాను. ఆ ఒక్కటీ అయింది, ఇంకొకటి తీశాను. మళ్లీ మూడుసార్లు కొట్టింది. "వస్తున్నానన్నానుగా! చచ్చిపోతున్నావా ఏంటి?" అని అరిచాను. తర్వాత ఒక్క దెబ్బ వినిపించింది. తర్వాత గ్లాసు కిందపడి దొర్లింది. కోపంతో విసిరేసిందనుకున్నాను. పడి ఉండనీ అనుకున్నాను. ఇంకా అయిదు పేపర్లు దిద్దాను. ఒక పిల్ల అశోకుడు చెట్లు నాటించెను అని రెండుసార్లు రాసింది, దానికి అర మార్కు తీసేశాను. తీరిగ్గా టోటల్ వేసి, లేచి వెళ్లాను. అమ్మ ఎడమ చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది. గ్లాసు ఉన్నవైపుకి. ఆ చెయ్యి నేను పట్టుకున్నది అప్పుడు.

ఆమెన్ అనలేకపోయాను. చాలాసేపు ఏడ్చాను. షమీమ్ మేడమ్ నన్ను ముట్టుకోలేదు, ఊరుకోమనలేదు.

"నాదే తప్పు కదా మేడమ్?"

"గది చెప్పనీకి నేనెవర్ని టీచరమ్మా? మీరు పోయుంటే అమ్మ బతుకుతుండెనా లేదా నాకు తెల్వదు, మీకు సుత తెల్వదు. గానీ ఆ దినం ఆ చప్పుడు విన్నది మీరొక్కరే. గప్పటిసంది ఒక్కరే వింటున్నరు." కొంచెం ఆగి అంది, "ఇప్పుడు నేను సుత విన్న."

మరుసటి వారం వెళ్లేసరికి కుండ మీద స్టీలు గ్లాసు లేదు. ఎర్రటి ప్లాస్టిక్ గ్లాసు ఉంది. ఎందుకు మార్చిందో మేడమ్ చెప్పలేదు, నేను అడగలేదు. బెంచీ మీద యాదమ్మ మాత్రం ఊరుకోలేదు. "గీ పిలాస్టిక్ గిలాసెవరు పెట్టిన్రు? నీళ్లు గబ్బు వాసనొస్తున్నయ్!" అని గొణిగింది. ఆమె భర్త జబ్బకి మళ్లీ ఎర్రతాడు ఉంది. ఆ తాడు ఎవరు కట్టారు, కట్టేటప్పుడు ఏమన్నారు అని మేడమ్ వారం వారం అడిగేదట. మూడో వారం ఆయన నోరు విప్పి "మా అమ్మ" అన్నాడట. యాదమ్మ ఇంటికెళ్లి కొత్త తాడు తనే కట్టింది.

ఏప్రిల్

మా ఆయనకి చెప్పడం దేవుడికి చెప్పడం కంటే కష్టమైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పేశాను. చివరిదాకా విని, లేచి కుర్చీ వేసుకుని అటక మీద చెయ్యి పెట్టారు. పాత పేపర్లో చుట్టిన పొట్లం తీశారు. అమ్మ గ్లాసు. అంచు సొట్టపోయి ఉంది.

"ఆ రోజు నేను వచ్చేసరికి మంచం కింద ఉంది," అన్నారు. "లోపల చుక్క తడి లేదు. నీళ్ల కోసమే కొట్టుంటారని నాకప్పుడే తెలిసింది. చుట్టాల కంట పడకూడదని దాచేశా."

"నన్ను అడగలేదేం?"

"అడిగితే నువ్వేమైపోతావోనని. అడక్కపోతేనే ఇలా అవుతావనుకోలేదు."

ఏడు నెలలు ఒకే ఇంట్లో ఒకరినుంచి ఒకరం అదే సంగతి దాచుకున్నాం. ఆ గ్లాసుని నేను ముట్టుకోలేకపోయాను. ఆయన మళ్లీ అటక మీదే పెట్టేశారు. పారెయ్యమని నేననలేదు.

జూలై

బడి తెరిచాక మళ్లీ ఉద్యోగంలో చేరాను. చప్పుడు రోజూ రావడం మానేసింది, వారానికి రెండు మూడుసార్లు వచ్చేది. కానీ చర్చిలో ఎవరైనా సాక్ష్యానికి లేచారంటే నా వీపు చెమటతో తడిసిపోయేది. అది దిద్దుకోకుండా నాకు విడుదల లేదని తెలుస్తోంది. చెప్పాలా వద్దా అని షమీమ్ మేడమ్‌ను అడిగాను. "మీ సంఘం మీకెరుక టీచరమ్మా. చెప్తే ఏం పోతది, చెప్పకుంటే ఏం పోతది, మీరే చూసుకోవాలె," అంది. చెప్పమని తొయ్యలేదు, వద్దని ఆపలేదు.

ముందుగా అయ్యగారి దగ్గరికి వెళ్లాను. సంగతంతా చెప్పాను. ఆదివారం ఆరాధనలో వద్దు, స్త్రీల కూటమిలో చెప్పమ్మా అన్నారు. నన్ను కాపాడటానికన్నారో సంఘాన్ని కాపాడటానికన్నారో అడగలేదు.

చాపల మీద పాతికమంది ఆడవాళ్లం. లేచి నిలబడి కొంగు తల మీద కప్పుకున్నాను. "నేను సాక్ష్యంలో అబద్ధం చెప్పాను. నాకింకా నయం కాలేదు. మాత్రలు వేసుకుంటున్నాను, ఒక మేడమ్ దగ్గరికి వెళ్తున్నాను. మా అమ్మ నా చేతిలో పోలేదు. మూడుసార్లు పిలిచింది, ఆ తర్వాత మళ్లీ మూడుసార్లు పిలిచింది, నేను వెళ్లలేదు," అన్నాను. అంతే. కూర్చున్నాను. స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పాస్టరమ్మగారు గబగబా ఒక పాట ఎత్తుకున్నారు. కూటమి అయ్యాక నా పక్కనుంచి అందరూ తప్పుకుని వెళ్లారు. నా కోసం పస్తులున్న ఒకావిడ కావాలనే మొహం తిప్పుకుంది.

చెప్పులు వేసుకుంటుంటే వెనక ఎవరో నిలబడ్డారు. మార్తమ్మగారు. కూటమి అయ్యాక చాపలు చుట్టిపెట్టే పెద్దావిడ. పదేళ్లలో ఆవిడ గొంతు నేను విన్నది తక్కువ.

"నాకు గొళ్లెమమ్మా," అంది.

"ఏంటండీ?"

"చప్పుడు. బయటినుంచి గొళ్లెం కొట్టిన చప్పుడు. పదకొండేళ్లయింది. ఆ పూట నేను తలుపు తియ్యలేదు."

ఎవరు కొట్టారు, ఎందుకు తియ్యలేదు, నాలుక చివరిదాకా వచ్చాయి. అవి మింగేసి, షమీమ్ మేడమ్ నన్ను అడిగిందే అడిగాను. "మీ ఇంట్లో దాన్ని ఏమంటారు మార్తమ్మగారూ?"

"ఏమంటారమ్మా? ఎవరికి చెప్పాను గనక?"

మరుసటి వారం ఆవిడను బొల్లారం తీసుకెళ్లాను. వరండాలో కుండ మీద మళ్లీ స్టీలు గ్లాసు ఉంది. యాదమ్మ గొడవ భరించలేక నేనే పాతది పెట్టెయ్యమన్నాను. పెట్టమన్నానే గానీ ముట్టుకున్నది లేదు, ఇంటినుంచి సీసాతో నీళ్లు తెచ్చుకునేదాన్ని. ఆ రోజు హడావిడిలో సీసా మర్చిపోయాను. మార్తమ్మగారు లోపలికి వెళ్లారు. తలుపు వేసుకున్నారు. నేను బెంచీ మీద కూర్చుని ఉండగా నాలుగైంది.

టంగ్. టంగ్. బొల్లారం దాకా వచ్చిందన్నమాట. బెంచీ అంచు పట్టుకుని మూడోదాని కోసం కాచుకున్నాను.

తలుపు తెరుచుకుంది. మార్తమ్మగారు గడప మీద నిలబడి ఉన్నారు. కొంగు ఇంకా తల మీదే ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "సుగుణమ్మా, కాసిని నీళ్లు..."

ఆవిడ మాట పూర్తి కాకముందే లేచాను. స్టీలు గ్లాసు అందుకున్నాను. తొందరలో అది పళ్లేనికి తగిలి టంగుమంది. చెయ్యి ఆపలేదు. గ్లాసు నిండా ముంచి, "వస్తున్నా" అనకుండా, వెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను. రెండు చేతులతో పట్టుకుని తాగింది. ఆఖరి గుక్క దాకా పక్కనే నిలబడ్డాను.